పీక్‌దాను ముందు తారాబాయి

ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో జగన్మోహన్‌రావు ఇంటికి కోడలై వచ్చాక లీలాబాయి ఏనాడూ అత్త గంగుబాయికి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. చెప్పే ధైర్యమేది? గంగుబాయి దగ్గితే వాకిట్లో పాలేర్లు కూడా లేచి నిలబడేవారు. కొడుకే ఆమె ముందు నోరెత్తడు, ఇక కోడలెంత!

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఎనిమిదేళ్ల కూతురు తారాబాయి దవడ ఉబ్బి, నిద్ర లేక గిలగిలలాడిపోయింది. "పై పన్ను పీకిస్తే కన్ను పోతది" అని అత్త మొత్తుకుంటూనే ఉంది. ఈ ఒక్కసారి మాత్రం లీలాబాయి వింటే కదా! తెల్లారగానే పిల్లను తీసుకుని ఆదిలాబాద్ బస్సెక్కి, పుచ్చిన పన్ను పీకించేసింది.

పన్నున్న చోట దూది పెట్టి డాక్టరు తల్లీకూతుళ్లిద్దరికీ గట్టిగా చెప్పాడు. "కరిచిపట్టుకో బిడ్డా. ఇయ్యాలంత ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. ఉమ్మితే గడ్డ కట్టిన నెత్తురు ఊడి మళ్ల కారుతది."

ఇల్లు చేరేసరికి గంగుబాయి ఇత్తడి పీక్‌దాను పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. పోయిన మామగారు పాన్ నమిలి ఉమ్మిన గిన్నె అది. అటక మీది నుంచి దింపించి, తోమించి మరీ సిద్ధం చేసింది మహాతల్లి.

"ఉమ్మెయ్ బిడ్డా! చెడు నెత్తురు మింగితే కడుపుల గడ్డయితది. అంత బయటికి పోవాలె."

బాపమ్మ చెప్పాక పిల్ల ఆగుతుందా? ఉమ్మింది. దూదీ పడింది, దాని వెనకే బొటబొటా నెత్తురు. గౌను ముందంతా తడిసిపోయింది.

"సూసినవా, ఎంత చెడున్నదో!" అంది గంగుబాయి, గెలిచినట్టు. "ఇంక ఉమ్ము."

లీలాబాయికి ఒళ్లు మండింది. అంతకు మించి భయమేసింది. ఆదిలాబాద్‌కు మళ్లీ బస్సు తెల్లారితే గానీ లేదు. అప్పటిదాకా నెత్తురు ఆగకపోతే తన పిల్ల ఏమైపోవాలి? డాక్టరిచ్చిన మిగతా దూదిని ఉండచుట్టి పన్నున్న చోట పెట్టి కరిపించి, పిల్ల నోటి మీద అరచెయ్యి అడ్డం వేసింది.

"ఇగ ఉమ్మది అత్తమ్మా. పీక్‌దాను లోపల పెట్టుండ్రి."

అంతే, గంగుబాయి ఇల్లు పీకి పందిరేసింది. లొల్లి విని జగన్మోహన్‌రావు బయటికొచ్చాడు. "లీలా, అమ్మ చెప్పినట్టు చెయ్యరాదు?"

"చెయ్య. పిల్లకేమన్న అయితే అమ్మనడుగుతరా, నన్నడుగుతరా?"

ఆయన చెప్పులేసుకుని వాకిలి దాటి వెళ్లిపోయాడు. చేతిలో దూది అయిపోయింది. శుభ్రమైన గుడ్డ కావాలి, అది లోపల పెట్టెలో ఉంది. తెచ్చిపెట్టే నాథుడు లేడు. పిల్లను అత్త దగ్గర వదలాలంటే లీలాబాయికి ప్రాణం పోయినంత పనైంది.

"డాక్టరు సారు ఏం చెప్పిండో యాదికున్నదా?" అని అడిగింది. తారాబాయి తలూపింది.

లోపలికి పరుగెత్తి పెట్టె తెరిచింది. బయట అత్త గొంతు బుజ్జగిస్తోంది, "ఉమ్ము బంగారం, బెల్లం పెడ్త." కాసేపటికి గద్దిస్తోంది. పిల్ల గొంతు మాత్రం వినిపించడం లేదు. చేతికందిన పాత ధోవతి చింపుకుని పరుగెత్తుకొచ్చింది.

తారాబాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పెదవులు బిగించింది. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. గంగుబాయి పీక్‌దానును గడ్డం కిందికి తోసినప్పుడల్లా తల అడ్డంగా ఊపుతోంది. ఆ ఇంట్లో గంగుబాయికి కాదని తల ఊపిన మనిషిని లీలాబాయి అదే మొదటిసారి చూడడం! సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది.

గుడ్డముక్కలు మార్చి మార్చి కరిపిస్తే, పొద్దుగూకేసరికి నెత్తురు ఆగింది. మర్నాడు దవడ వాపు సగం దిగింది. పెరుట్లో కూతురికి ఉప్పునీళ్లు అందిస్తుంటే, మంచం మీద మొహం తిప్పుకుని కూర్చున్న గంగుబాయి గొణిగింది.

"నన్ను జూసి తల అడ్డం ఊపింది. ఆడపిల్లకు గింత మొండితనమా? రేపు అత్తగారింట్ల ఎట్ల బతుకుతది?"

"గిట్లనే బతుకుతది అత్తమ్మా" అంది లీలాబాయి, గ్లాసు మళ్లీ నింపుతూ.