యోబు తాత వంశావళి పాట

మొన్న నౌపడ చర్చిలో హార్మోనియం శ్రుతి పట్టగానే నేనూ గొంతు సవరించుకున్నాను. పక్కనున్నావిడ చంటిబిడ్డ చెవులు మూసింది. నా సంగీతానికి ఆ మాత్రం పేరుంది. ఎనిమిదిలో ఆపేసిన చదువుకు అదీ లేదు. అయినా ఒక పాట మాత్రం మొదలునుంచి చివరిదాకా వచ్చు. అది యోబు తాత పాట.

యోబు తాత పగలు ఉప్పు మళ్లలో పనిచేసి, సాయంత్రాలు కీర్తనలు కట్టేవాడు. మా సంఘంలో అందరి వంశావళీ ఆయన నోట్లోనే ఉండేది, అదీ పాటగా. ఇంటికొక చరణం, చరణం చివర దేవునికి స్తోత్రం. చిక్కల్లా ఒకటే, మధ్యలో అందుకోలేడు. ఎవరికెవరు ఏమవుతారో చెప్పాలంటే తొలి బాప్తిస్మం తీసుకున్న పెద్దాయన దగ్గర మొదలుపెట్టాల్సిందే.

“తిన్నగా మా ఇంటికాడికే వొచ్చీరాదా తాతా?” అని ఏడిపించేవాణ్ణి.

“కోటబొమ్మాళి దాటకుండా పేసింజరు నౌపడ వస్తాదేటిరా?” అనేవాడు.

నాకూ కొత్తవలస ఊరి కరుణకూ పెళ్లి ప్రకటన చదివిన ఆదివారం, అభ్యంతరాలుంటే చెప్పమని పాస్టరుగారు అడగ్గానే కరుణ పెద్దమ్మ లేచింది.

“ఈల ముత్తాతలిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నోళ్లు, ఇంటిపేరూ ఒకటే. అన్నాసెల్లెళ్లకి పెళ్లేటి బాబూ?”

కరుణ తల వంచేసింది. అందరూ తాతవైపు తిరిగారు. తాత లేచి, కళ్లు మూసుకుని, మొదటి చరణం ఎత్తుకున్నాడు.

పిల్లలు నిద్రపోయారు. పాస్టరుగారు ప్రసంగం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. సరిగ్గా మా ఇంటి చరణం ముందు తాత ఆగి, మంచినీళ్లడిగాడు.

“తాతా!” అన్నాను.

“పాడతన్నది నాను. నీ గొంతెందుకెండిపోతందిరా?” అని తాగి, అందుకున్నాడు:

“ఉప్పు మోయ వచ్చినాడు, ఇల్లరికం నిలిచినాడు,
మావ ఇంటిపేరుతోనె మందిరాన చేరినాడు...”

అంటే కరుణ ముత్తాత ఆ ఇంటి కొడుకు కాదు, అల్లుడు. మా ముత్తాతకు బావ. ఆ లెక్కన నేనూ కరుణా వరసైనవాళ్లమే! అందరికంటే గట్టిగా స్తోత్రం చెప్పింది పెద్దమ్మే.

తాత పోయాక సంబంధాలు చూసేవాళ్లు నా దగ్గరికొస్తున్నారు. నా గొంతుని భరించి మరీ వింటున్నారు. నేనూ మొదటినుంచే పాడతాను. కానీ పాడినప్పుడల్లా మా పెళ్లి భోజనాల దగ్గర తాతతో ఆడిన పరాచికం గుర్తొస్తుంది.

“నిజంగా అన్నాసెల్లెళ్లమే అయ్యుంటే నా బతుకేటయ్యేది తాతా?” అన్నాను.

ఆయన విస్తరిలోంచి తలెత్తలేదు.

“ఆ సరణం మర్సిపోదును. ముసిలోడు మర్సిపోతే ఎవులేటంటార్రా?”