ఎండల్లో కొలిచిన వానాకాలపు రోడ్డు

మెదక్‌లో దిగేసరికి మే నెల, మిట్టమధ్యాహ్నం. కోట కింద మైదానంలో గుడారాలు వేశాం. నేను ఇంజనీర్ల దళంలో హవల్దారుని. వానాకాలంలో మా బరువు లారీలు నర్సాపూర్ నుంచి కుల్చారం మీదుగా రావాలి. రోడ్డు మోస్తుందో లేదో తేల్చమని ఉత్తర్వు.

పని ఇదీ. రాళ్ళు నింపిన లారీని నిలపాలి. పొడవాటి కమ్మీ కొనను వెనక జంట టైర్ల మధ్య రోడ్డుకు ఆనించాలి. లారీ ముందుకు కదలగానే, కుంగిన రోడ్డు పైకి లేస్తుంది. ఎంత లేచిందో కమ్మీకున్న డయల్ ముల్లు చూపిస్తుంది. ఎంత ఎక్కువ లేస్తే రోడ్డు అంత బలహీనం. పక్కనే తారులో చిన్న గుంత తొలిచి, నూనె పోసి, థర్మామీటరుతో తారు వేడి చూసేది నేను.

నర్సాపూర్ అడవి దారి ఎక్కువ కుంగింది. కుల్చారం దగ్గర పల్లంలోని దారి గట్టిగా కనిపించింది. హైదరాబాదు నుంచి పై అధికారులు రేడియోలో అడిగారు.

"కుల్చారం దారి బాగుందా? ఓవర్."

"ఇప్పుడు బాగుంది. లెక్క పూర్తికాలేదు. ఓవర్," అన్నారు మా కెప్టెన్.

అడవి దారిని మధ్యాహ్నం కొలిచాం. తారు మెత్తబడి ఉంది. పల్లాన్ని పొద్దున్నే కొలిచాం. తారు బిగిసి ఉంది. పైగా పల్లంలో నల్లరేగడి, ఎండకు రాయిలా ఉంది. కెప్టెన్ అన్ని అంకెలనూ ఒకే వేడికి మార్చి, తడిసిన నేలకు సవరించారు. ఏది గట్టిదన్న వరస తలకిందులైంది. పల్లం బలహీనమని తేలింది. వానల్లో బరువు బండ్లు ఏవీ అటు పోకూడదని జిల్లా అధికారులకూ రాశారు.

కుల్చారం రైస్‌మిల్లు యజమాని నర్సింహారెడ్డి మరునాడే గుడారానికి వచ్చాడు.

"గంత గట్టిగున్న రోడ్డు కరాబున్నదంటరేంది సార్? లారీలు బందైతే నా హమాలీలు ఏం తినాలె?"

కెప్టెన్ ఆయన్ను పల్లానికి రమ్మన్నారు. పొద్దున ఒకసారి, ఎండెక్కాక అదే చోట మళ్ళీ కొలిచాం. ముల్లు రెండు రకాలుగా ఆగింది.

"పూటకో తీరుగ మారుతుంటే ఏది నమ్మాలె?"

"అందుకే దేన్నీ ఉన్నదున్నట్టు నమ్మం. వేడికి ఒకసారి, తడికి ఒకసారి సరిచేస్తాం."

"వానకాలం సంగతి ఎండల్ల చెప్పవట్టిరి. తప్పైతే?"

"కావచ్చు. అప్పుడు నష్టం మీదే," అన్నారు కెప్టెన్. "కానీ ఊరుకుంటే, లారీ బోల్తాపడి ఎవరైనా పోవచ్చు."

రెడ్డి వెంట వచ్చిన హమాలీల వైపు తిరిగాడు. "లారీలొద్దు, ఎడ్లబండ్లు తియ్యిండ్రి," అని వెళ్ళిపోయాడు. ఆయన ముఖం చూస్తే నాకు మా లెక్క మీద కోపం వచ్చింది. అయినా దాని మీద నమ్మకం పోలేదు.

మా లారీలను వేరే దారిన పంపారు.

ముసురు పట్టాక మాకు వెనక్కి పిలుపు వచ్చింది. సామాను అప్పగించి, నేను చివరగా బస్సులో బయలుదేరాను. పల్లం రాగానే కండక్టరు అందరినీ దిగమన్నాడు. "జర నడువుండ్రి. ఖాళీ బస్సే దాటుతది."

చెప్పులు చేతబట్టుకుని వానలో నడిచాం. ముందు బస్సు మెల్లగా పోతోంది. దాని చక్రాల కింద రోడ్డు ఊపిరి పీల్చి వదిలినట్టు కుంగి, లేచింది. పగుళ్ళలోంచి బురదనీళ్ళు ఉబికి, మళ్ళీ లోపలికి పోయాయి. పసిబిడ్డను చంకనేసుకున్న ఒకామె దాన్ని చూసి ఆగిపోయింది. తర్వాత రోడ్డు దిగి, పొలం గట్టున నడిచింది.

ఆ గట్టు మీద ఆమె నడక ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.