ఎడమ పక్క కిటికీ

మా మేనమామ ముప్పై ఏళ్ళు బెంగళూరు–హైదరాబాదు దారిలో లారీ నడిపాడు. అది మానేశాక బెంగళూరులోని కె.ఆర్.పురంలో లగేజీ ఆటో కొనుక్కుని, ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు చేరవేసేవాడు. నేను అక్కడికి దగ్గర్లోనే, బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తాను. ఆమధ్య హైదరాబాదులో చుట్టాల పెళ్ళికి ఇద్దరం వెళ్ళాల్సి వచ్చినప్పుడు, ఆయన్ను మొదటిసారి విమానం ఎక్కించాలనుకున్నాను. తను తిరిగిన రోడ్డును పైనుంచి చూస్తాడని నా ఆశ.

టికెట్లు కొనడం కన్నా సీటు ఎంచుకోవడానికే ఎక్కువసేపు పట్టింది. ఫోన్‌లో మ్యాపు తెరిచి చూశాను. విమానం దాదాపు నేరుగా ఉత్తరానికి పోతుంది. హైవే మాత్రం అనంతపురం దగ్గర పడమటికి జరిగి ఉంది. అంటే రోడ్డు ఎడమ పక్కన కనిపించాలి. పొద్దున విమానమైతే ఎండ కుడివైపు నుంచి వస్తుంది, కళ్ళలో పడదు. రెక్క అడ్డం రాకుండా ముందు వరుసల్లో ఎడమ కిటికీ తీసుకున్నాను. పక్క సీటు నాది.

విమానం లేచాక మామ ముఖం అద్దానికి ఆనించాడు.

"రోడ్డు కనపడతాందా మామా?"

"ఎందుకు కనపడదు? బాగేపల్లి దాటినాము. అదో, పెనుకొండ."

అక్కడ టీ ఎవరి దగ్గర బాగుంటుందో, ఎక్కడ టైరు పేలి రెండు రోజులు చెట్టు కింద పడుకున్నాడో చెప్పుకొచ్చాడు. నేను చేసిన లెక్క సరిపోయిందని సంతోషపడ్డాను. కాసేపటికి, "పెన్న బ్రిడ్జి చూడు పాపా. నీళ్ళు లేవు, అంతా ఇసకే ఉండాది," అన్నాడు.

ఆయన భుజం మీదుగా వంగి చూశాను. ఏరూ లేదు, ఇసకా లేదు. కనుచూపు మేర తెల్లటి మబ్బు.

"కింద అంతా మబ్బే కదా మామా," అన్నాను.

ఆయన నావైపు తిరగలేదు. అద్దంలోకే చూస్తూ, "ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"పది నిమిషాలయింది."

"నాకు ఏడాదిగా ఇట్లే ఉండాది పాపా. పొగమంచు మాదిరి."

"మరి ఆటో ఎట్లా నడుపుతాండావు?"

"దారి తెలుసు కదా. మీ అత్తకు చెప్పొద్దు. తెలిస్తే తాళాలు దాచిపెడతాది."

స్కూళ్ళు వదిలే వేళకు ఆయన ఆటో తిరిగే వీధులు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. "చెప్తాను," అన్నాను. పెళ్ళిభోజనాల దగ్గర మామ నాకు దూరంగా వేరే బంతిలో కూర్చున్నాడు.

తిరిగొచ్చిన మర్నాడే అత్తకు చెప్పాను. ఆమె అరవలేదు. మేకుకు వేలాడుతున్న ఆటో తాళాలు తీసి బొడ్లో దోపుకుంది. ఆ వారమే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు. నెల తేడాతో రెండు ఆపరేషన్లు చేశారు. ఆ నెలంతా మామ నాతో అవసరమైనంత వరకే మాట్లాడాడు.

రెండో కంటికి కట్టు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. మామ గదంతా కలియజూసి, గోడకు రంగు సరిగ్గా కొట్టలేదని, ఫ్యాను మీద దుమ్ము పేరుకుందని వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"నీకు తెల్లెంట్రుకలు వచ్చినాయి కదా పాపా," అన్నాడు.

"రెండేళ్ళయింది మామా," అన్నాను.