నల్లగౌన్ల విద్యావతి

నాంపల్లి క్రిమినల్ కోర్టుల ఎదుటి సందులో ఉంటుంది విద్యావతి దుకాణం. లాయర్లు వేసుకునే నల్లగౌన్లు, మెడకు కట్టుకునే తెల్ల బ్యాండ్లు తప్ప ఆమె మరేమీ కుట్టదు. జాకెట్లు కుట్టమని ఎవరైనా వస్తే ఆబిడ్స్ వైపు చెయ్యి చూపించి పంపేస్తుంది. కొలతలు తీసుకునేటప్పుడు కొత్త లాయర్లు బిగుసుకుపోతే, "జర ఊపిరి తీస్కో బిడ్డా, గౌనే గద" అంటుంది. నా మొదటి గౌను కూడా ఆమె కుట్టిందే. ఆ పరిచయంతోనే ఈ సంగతులు నాకు తెలిశాయి. కొన్ని ఆమె చెప్పింది, ఆమెకు గుర్తులేనివి భర్త ఇంద్రసేన చెప్పాడు.

ఇంద్రసేనది ఆ పక్క గదే. అఫిడవిట్లు, పిటిషన్లు టైపు చేసి ఇస్తాడు. ఇద్దరూ గౌలిగూడలో పుట్టి పెరిగినవాళ్లు. ఆయన మాటలు తక్కువ మనిషి, ఆ లోటు ఆమె తీరుస్తుంది. కూతురు ప్రణవి హిమాయత్‌నగర్‌లో ఒక బడిలో టీచరు.

పోయిన ఏడాది కొత్తగా నమోదయ్యే లాయర్ల గౌన్లు కుప్పలుగా వచ్చి పడ్డాయి. విద్యావతి మిషను మీంచి లేవలేదు. ఆ సందులో ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు, రోడ్డు దాటి కోర్టు లోపలికి పోవాలి. అందుకని ఆమె నీళ్లు తాగడమే తగ్గించేసింది. నడుము పక్కన నొప్పి అంతకుముందు నుంచే వచ్చి పోతుండేది. ఇప్పుడు మూత్రంలో మంట, ఆ వెనకే చలిజ్వరం. బిళ్ల వేసుకుని మళ్లీ మిషను ముందు కూర్చుంది. దవాఖానకు పోదామని ఇంద్రసేన అంటే, కొత్త లాయరు పిల్లలు ప్రమాణం చేసే రోజుకు గౌన్లు అందాలని, ఆ తర్వాత చూద్దామని అంది.

ఒక ఉదయం బడికి బయలుదేరుతూ ప్రణవి గుమ్మంలో ఆగిపోయింది. ఇంటికి తెచ్చుకున్న గుడ్డను వాళ్లమ్మ సుద్దగీత లేకుండా అడ్డదిడ్డంగా కత్తిరిస్తోంది. కూతుర్ని చూసి, ఎప్పుడో చనిపోయిన చెల్లెలి పేరుతో పిలిచింది. చేతులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి, ఆయాసపడుతోంది. తండ్రీ కూతుళ్లు ఆమెను ఆటోలో ఎక్కించి లక్డీకాపూల్ దగ్గరున్న దవాఖానకు తీసుకుపోయారు.

బీపీ బాగా పడిపోయిందని నేరుగా ఐసీయూలోకి తీసుకున్నారు. కిడ్నీ నుంచి మూత్రం దిగే దారిలో రాయి ఇరుక్కుందని, దాని వెనక చీము పట్టిందని స్కానింగ్‌లో తేలింది. ఆ రోజే సన్నటి గొట్టం వేసి దారి తెరిచారు. కానీ అప్పటికే ఆ విషం రక్తంలోకి పాకింది.

మర్నాడు పొద్దున కిడ్నీలు పనిచెయ్యట్లేదన్నారు. మధ్యాహ్నానికి ఊపిరితిత్తులన్నారు, వెంటిలేటర్ పెట్టారు. ఆ మరుసటి రోజు లివర్ కూడా దెబ్బతిన్నదన్నారు. ఇంద్రసేనకు ఏమీ అర్థం కాలేదు. ఐసీయూ డాక్టరు మనస్విని బయటికి రాగానే, "ఒక్క మాట చెప్పున్రి డాక్టరమ్మా, అసలు బీమారి దేనికొచ్చింది?" అని అడిగాడు.

ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.

"ఏ ఒక్కదానికో వచ్చింది కాదండీ. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడబోయి ఒళ్లే అదుపు తప్పింది. అవయవాలకు రక్తం సరిగ్గా అందట్లేదు. ఒకటి పని మానేస్తే ఆ బరువు ఇంకోదాని మీద పడుతోంది. మల్టీ ఆర్గాన్ డిస్‌ఫంక్షన్ అంటాం దీన్ని. ఇన్‌ఫెక్షన్‌కు మందు ఇస్తున్నాం. అవయవాలకు మాత్రం మేం ఇచ్చేది ఆసరానే, అవి తేరుకునేదాకా."

"తేరుకుంటయా?"

"కొందరికి తేరుకుంటాయి. ఈవిడకు తేరుకుంటాయని ఇవాళ చెప్పలేను."

ఆ డాక్టరు మీద తనకు గురి కుదిరింది ఆ మాటతోనేనని ఇంద్రసేన నాతో అన్నాడు.

డయాలసిస్ పెట్టాలన్నప్పుడు ప్రణవి ఒప్పుకోలేదు. వాళ్ల వీధిలో ఒకాయన్ని ఆ మిషను మీద పెట్టాక ఆయన ఇంటికి తిరిగి రాలేదు. అది పెడితే ఇక అయిపోయినట్టే అనుకుంది. మనస్విని కోప్పడలేదు. మిషను కిడ్నీని బాగుచెయ్యదని, అది కోలుకునేదాకా దాని పని తను చేసిపెడుతుందని వివరంగా చెప్పింది. ప్రణవి కళ్లు తుడుచుకుని, సరేనంది.

మత్తులో ఉన్నా మాట్లాడుతుండమని నర్సు చెప్పింది. ఇంద్రసేనకు ఏం మాట్లాడాలో తోచలేదు. శ్యామ్‌సుందర్ వకీల్ సాబ్ నీ గురించి అడిగిన్రు అన్నాడు. సందులో నీళ్ల పైపు పగిలిందన్నాడు. చెప్పేవి అయిపోయాక, చేతులు ఎరిగిన పిటిషన్ భాషనే మెల్లగా వల్లించాడు: పైన తెలిపిన పిటిషనరు గౌరవంగా విన్నవించుకునేది ఏమనగా... ఆ వాక్యాన్ని ఎలా ముగించాలో తెలియక అక్కడే ఆగిపోయేవాడు.

అలా చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడే ఆయన ఆమె వేళ్లు చూశాడు. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు కొసలు నల్లబడుతున్నాయి. బీపీ నిలబెట్టడానికి ఇచ్చే మందు రక్తనాళాలను బిగిస్తుందని, చివర్లకు రక్తం చేరక అలా అవుతుందని, మందు ఆపితే ప్రాణమే పోతుందని మనస్విని చెప్పింది.

"ఆమె దర్జీ, డాక్టరమ్మా" అన్నాడు ఇంద్రసేన. మళ్లీ ఆయనే, "ముందుగాల మనిషిని ఇయ్యున్రి. వేళ్ల ముచ్చట మేం చూసుకుంటం" అన్నాడు.

మొదట బీపీ నిలదొక్కుకుంది. మందు తగ్గిస్తూ వచ్చారు. ఒకరోజు నర్సు బయటికొచ్చి మూత్రం వచ్చిందని, కిడ్నీలు తేరుకుంటున్నాయని చెబితే, ప్రణవి వరండాలో అందరి ముందూ నర్సును కావలించుకుంది. తర్వాత ఊపిరి గొట్టం తీశారు. కళ్లు తెరిచిన విద్యావతి మాత్రం తాను నాంపల్లి స్టేషన్‌లో ఉన్నాననే అనుకుంది. మిషన్ల చప్పుడు విని, రైలు ఎందుకు కదలట్లేదని భయంగా అడుగుతుండేది. ఐసీయూలో చాలామందికి ఇలా అవుతుందని, తగ్గుతుందని డాక్టరు ధైర్యం చెప్పింది. తగ్గింది. భర్త చెప్పిన కబుర్లలో ఒక్కటీ ఆమెకు గుర్తులేదు. గుర్తున్నది దాహమొక్కటే.

రెండు వేళ్ల కొసలూ తీసెయ్యాల్సి వచ్చింది. ఇంటికి వచ్చాక గోడ పట్టుకుని నడిచింది. జుట్టు గుప్పెళ్లుగా రాలింది. చూడటానికి వచ్చినవాళ్లు బతికి బయటపడ్డావు అంతే చాలని అంటుంటే నవ్వి ఊరుకునేది, వాళ్లు వెళ్లాక ఏడ్చేది. ఒక మధ్యాహ్నం కత్తెర పట్టుకోబోతే జారి కిందపడింది. దుకాణం ఖాళీ చేసేద్దాం, ఫికర్ చెయ్యకు అని ఇంద్రసేన మంచి మనసుతోనే అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. "కిడ్నీ పని మిషను చేసిందంటివి, ఊపిరి పని మిషను చేసిందంటివి. నా చెయ్యి పని జర నువ్వు చేస్తే ఏమైతది?"

మర్నాడు ఆయన కత్తెర తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

నేర్చుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. టైపు కొట్టిన వేళ్లకు కత్తెర లొంగలేదు. పాత దుప్పట్లు చాలా పాడయ్యాయి. ఆమె కసిరింది, ఆయన అలిగి పక్క గదిలోకి పోయి కూర్చున్నాడు, చాయ్ తాగి మళ్లీ వచ్చాడు. ఆమె బొటనవేలు, ఉంగరపు వేలి మధ్య సుద్ద పట్టుకుని గీత గీయడం అలవాటు చేసుకుంది. గీత వెంబడి ఆయన కత్తిరించాడు. మిషను మీద గుడ్డను ఎడమచేత్తో నడపడం ఆమెకు మెల్లగా పట్టుబడింది. ఎండాకాలం సెలవులు ముగిసి కోర్టులు తెరిచేనాటికి దుకాణం తెరిచారు.

మొన్న అటు వెళ్లినప్పుడు ఒక కొత్త లాయరమ్మకు విద్యావతి కొలతలు తీస్తోంది. చెప్పిన అంకెలు ఇంద్రసేన రాసుకుంటున్నాడు. ఆమె మునుపటంత సేపు కూర్చోలేకపోతోంది, మధ్యాహ్నానికే అలసిపోతుంది. కిడ్నీ పరీక్షలకు ఇప్పటికీ వెళ్తూనే ఉంది. ఆ అమ్మాయి గౌను ఎప్పుడిస్తారని అడిగితే ఇంద్రసేన, వచ్చే సోమవారం అన్నాడు.

"సోమవారం కాదు, ఆ పై గురువారం" అని దిద్దింది విద్యావతి. "నిదానంగ కుడతం బిడ్డా. తొందరేం లేదు గద?"

లేదంది ఆ అమ్మాయి.