కబ్బన్‌పేటలో తువ్వాలు కింది బేరం

మా అత్త ఇల్లు ఖాళీ చెయ్యడానికి మూడు నెలల గడువు, పైన ముప్ఫై రూపాయలు. బెంగళూరులో కాలు పెట్టిన పూటే ఇంత బేరం కుదిర్చినవాడు మా హిందూపురం బజారులో ఇంకొకడు లేడు. ఆ ఇల్లు అసలు ఖాళీ చెయ్యనక్కరలేదని మర్నాడు తెలిసింది. ఆ ఒక్కటీ పక్కన పెడితే, బేరానికి వంక పెట్టడానికి లేదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు సంగతి. బెంగళూరు కబ్బన్‌పేటలో మగ్గం నేసుకునే మా మేనత్త అక్కమ్మ, నూలు తెచ్చే మనిషితో కబురు పంపింది: ఇంటాయన ఖాళీ చెయ్యమంటున్నాడు, వెంటనే రా. మా గుడ్డల కొట్టు తమ్ముడికి అప్పగించి శనివారం పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి పది అణాలు. ఇందులో బేరం లేదని తెలిసినా కిటికీ దగ్గర ఒకసారి అడిగి చూశాను.

గౌరిబిదనూరులో ఎక్కిన చింతపండు వ్యాపారికి నా పని చెప్పాను. పేటలో కుర్ర వకీళ్ళు కొందరు ఆదివారాలు సత్రం అరుగు మీద కూర్చుని పేదవాళ్ళకు ఊరికే సలహాలు చెబుతున్నారట. చెప్పినవాడే నన్ను హెచ్చరించాడు.

"ఊరికే పెట్టిన బెల్లమైనా తినొచ్చు గానీ, ఫీజు లేని వకీలు మాట వినగూడదప్పా."

నాకూ అదే న్యాయంగా తోచింది. కానీ 'ఊరికే' అన్న మాట మా ఇంట్లోవాళ్ళ చెవిన పడితే మళ్ళీ బయటికి పోదు.

మధ్యాహ్నానికి సిటీ స్టేషనులో దిగాను. జట్కావాడు పది అణాలన్నాడు. ఆరుకు దించి విజయగర్వంతో ఎక్కాను. గుర్రం చెమట పట్టకముందే ఇల్లొచ్చింది. మీరు వెళితే నడవండి.

అత్త ఇల్లంటే ఒక గది, వెనక వంటకు ఒక మూల. గదంతా మగ్గమే. నేసేవాళ్ళు కాళ్ళు దింపుకోవడానికి మగ్గం కింద గుంట ఉంటుంది. దాన్ని మా మామ బతికున్నప్పుడు తన చేత్తో తవ్వి, అంచులకు రాళ్ళు కట్టాడు. నేల తవ్వనిచ్చే ఇంటాయన ఈ రోజుల్లో దొరకడు. గుంట లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే అత్తకు కూడు లేదు. ఇదంతా ఆమె చెప్పింది. నేను విన్నాను కూడా. కానీ ఇంటాయన్ను చూడగానే నాకు బేరం తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

ఇంటాయన ముద్దప్ప పట్టునూలు వ్యాపారి. ఆయన భుజం మీద తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. మా వ్యాపారాల్లో అది పాత పద్ధతి. ధర నోటితో చెప్పరు, తువ్వాలు కింద వేళ్ళు పట్టి చెబుతారు. ఒక నెల గడువు, ఖాళీ చేసినందుకు పది రూపాయలు అని ఆయన మొదలుపెడితే, మూడు నెలలు, ముప్ఫై రూపాయల దాకా లాగాను. బేరం ఖాయమైనందుకు గుర్తుగా సంచకారం అయిదు రూపాయలు నా చేతిలో పెట్టాడు. సంచకారం పుచ్చుకున్నాక వెనక్కి తిరిగినవాడికి మా బజారులో ఎవరూ సరుకు ఇవ్వరు.

అత్తకు చెప్పాను. ఆమె సంతోషించలేదు.

"గుంటను చంకన పెట్టుకోని పోదునా రా?" అని లేచి వెళ్ళి మగ్గంలో కూర్చుంది.

ఆదివారం ఎనిమిదింటికి సత్రానికి బయల్దేరాను. సలహాకు కాదు. ఒప్పందం కాగితం రాయించుకుంటే రాతకూలి మిగులుతుందని. అత్త పిలవకుండానే వెంట వచ్చింది.

అరుగు మీద నలుగురు కుర్రాళ్ళు చాప వేసుకుని కూర్చున్నారు. ఒకడు కన్నడంలో, ఒకడు అరవంలో, ఒకడు ఉర్దూలో మాట్లాడుతున్నాడు. తెలుగు కుర్రాడి పేరు వెంకటాచలం, కోలారు వైపువాడు. మీసం ఇంకా సరిగా రాలేదు. ఇతను కోర్టులో నిలబడితే జడ్జీ బడికి పొమ్మంటాడనుకున్నాను. నా బేరం కథంతా శ్రద్ధగా విన్నాడు.

"బేరం బాగానే చేసినారు సార్. దేనికి చేసినారు?"

"ఇల్లు ఖాళీ చేసేదానికి."

"ఖాళీ చెయ్యల్లని ఎవరు చెప్పినారు?"

ముద్దప్ప చెప్పాడు. ఇంకెవరూ చెప్పలేదు. యుద్ధకాలంలో వచ్చిన అద్దెల ఉత్తర్వు ఇంకా అమలులో ఉందనీ, అద్దె సరిగ్గా కడుతున్న మనిషిని తగిన కారణం చూపకుండా ఇంటాయన వెళ్ళగొట్టలేడనీ అతను నెమ్మదిగా వివరించాడు. ధర అడిగామంటే సరుకు కొనడానికి సగం ఒప్పుకున్నట్టే. ఇది మా కొట్టులో నేను రోజూ వాడే కిటుకు. దాన్ని నామీదే ఒకడు వాడితే గుర్తుపట్టలేకపోయాను.

నేను సంచకారం సంగతి, బజారులో నా మాట సంగతి ఎత్తాను. అతను నావైపు కాక అత్తవైపు తిరిగాడు.

"నిన్న తువ్వాలు కింద ఉండింది ఎవురి చెయ్యమ్మా?"

అత్త లేచింది. నేరుగా ముద్దప్ప ఇంటికి నడిచింది, వకీలూ నేనూ వెనక. నా చేతిలోంచి అయిదు రూపాయలు తీసుకుని ఆయన అరుగు మీద పెట్టింది. ముద్దప్ప నన్ను చూసి నవ్వాడు.

"ఏం సెట్టరే, హిందూపురం మాట ఇంతేనా?"

నా తల వంగింది. అత్త తల వంగలేదు.

"తువ్వాలు కింద పెట్టింది నా చెయ్యి కాదప్పా. ఇంట్లో ఉండేది నేను. నన్నెవురూ అడగలేదు."

ముద్దప్ప కోర్టుకు పోతానన్నాడు. వెంకటాచలం నమస్కారం పెట్టి, అలాగే పోండి సార్, అక్కడ ఈమె పక్కన నేను నిలబడతాను అన్నాడు. గొంతు పెంచలేదు. అప్పుడు మీసం సంగతి నాకు గుర్తు రాలేదు. ముద్దప్ప కుర్రాణ్ణి చూశాడు, అత్తను చూశాడు, డబ్బు తీసి జేబులో వేసుకున్నాడు.

దారిలో వకీలుకు రెండు రూపాయలివ్వబోయాను. వద్దన్నాడు. మూడన్నాను, నాలుగన్నాను. పుట్టి బుద్ధెరిగాక ధర నేనే పెంచుతుంటే అవతలివాడు దిగిరాకపోవడం అదే మొదలు. చివరికి ఒక ఫీజు అడిగాడు: సాయంత్రం మీ అత్త వీధిలో మీ బేరం మీ నోటితో చెప్పండి, నేను చెబితే పాఠంలా ఉంటుంది.

అంతకన్నా పది రూపాయలు అడిగితే బాగుండేది. అయినా చెప్పాను. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ఆడవాళ్ళు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు అయ్యాక అతను ఉత్తర్వు గురించి నాలుగు మాటలు చెప్పాడు. వెంటనే ముగ్గురు లేచి తమ ఇంటి సంగతులు అడిగారు. ఆ కుర్రాళ్ళు మా బంధువులు కారు, మా ఊరివాళ్ళూ కారు. అయినా మా ఇంటివాళ్ళే అన్నంత గర్వంగా నిలబడ్డాను. అత్తను చూస్తే ఇంకొంచెం ఎక్కువ.

సోమవారం పొద్దున స్టేషనుకు నడిచే వెళ్ళాను. వీధి మలుపు దాకా అత్త మగ్గం చప్పుడు వినిపించింది. బండిలో ఒకాయన బెంగళూరు విశేషాలేమిటని అడిగితే, లాల్‌బాగు గురించి కాక ఆ సత్రం అరుగు గురించి చెప్పాను.

ఇక ఖర్చు. రానుపోను టిక్కెట్లు మూడు రూపాయల నాలుగు అణాలు. జట్కా ఆరు అణాలు, అది నా తెలివికి పడిన జుల్మానా. కాఫీ ఫలహారం అయిదు అణాలు. వకీళ్ళకని కొన్న అరటిపళ్ళు ఆరు అణాలు, వాటిని వాళ్ళు అరుగు మీద ఉన్నవాళ్ళందరికీ పంచేశారు. సంచకారం వచ్చింది, పోయింది. ముప్ఫై రూపాయలు నష్టమని రాయబోయి ఆగాను, అవి ఎప్పుడూ మావి కావు. వకీలు ఫీజు, బేరగాడన్న నా పేరు. మొత్తం నాలుగు రూపాయల అయిదు అణాలు. ఇందులో ఒక్క కాణీ తగ్గించమని ఎవరినీ అడగను.