పురుగుల పెట్టెలో పాము

ఆ బడిలో ఆవిడని అందరూ బొత్తాల టీచరమ్మ అంటారు. వాళ్ళ నాన్న దర్జీ. ఆయన వదిలివెళ్ళిన బొత్తాల డబ్బాయే ఆవిడ పాఠానికి పెట్టుబడి. జీవుల వర్గీకరణ పాఠం రాగానే డబ్బాని నేలమీద గలగలా ఒంపేసి, "పోగులు పెట్టండర్రా" అంటుంది. పిల్లలు ముందు రంగులు చూసి పోగులు పెడతారు.

"రంగు చూసి మోసపోకండి. తిరగేసి చూడండి, రంధ్రాలు రెండో నాలుగో. శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే."

ఏళ్ళ తరబడి అదే మాట. అయినా ఆవిడకి విసుగన్నది పుట్టలేదు. దేవుడి సృష్టిని పిల్లలకి చూపించే పని దొరకడమే అదృష్టమనుకుంటుంది.

ఈ ఏడు మాత్రం ఒక దిగులు పట్టుకుంది. కిటికీ పక్కన కూర్చునే కొత్త పిల్ల చేరినప్పటినుంచీ నోరు విప్పలేదు. "ఇంట్లో వాగుడుకాయండీ, బడికొస్తేనే నోటికి తాళం" అని తల్లి వాపోయింది. పొద్దున్న దణ్ణం పెట్టుకునేటప్పుడు తన పిల్లల క్షేమంతోపాటు ఈ పిల్ల గొంతు కోసమూ టీచరమ్మ దేవుణ్ణి అడుగుతోంది.

బొత్తాలయ్యాక బొమ్మల అట్టలు పంచింది. పురుగులు, పాములు, పిట్టలు అని రాసిన చెప్పుల పెట్టెలు వరసగా పెట్టి, ఏ జీవి ఏ పెట్టెలోదో వెయ్యమంది. కొత్త పిల్ల తనంతట తానే లేచింది. టీచరమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. పిల్ల తిన్నగా వెళ్ళి పాము బొమ్మని పురుగుల పెట్టెలో వేసింది.

"పురుగులాగా పాముకీ ఆరు కాళ్ళటరోయ్" అన్నాడు ముందు బెంచీ తుంటరి.

తరగతంతా పగలబడి నవ్వింది. పిల్ల అక్కడే కూలబడి, తల మోకాళ్ళలో దాచేసుకుంది. టీచరమ్మకి తెలుసు, ఇప్పుడు ముడుచుకుంటే ఇక విచ్చుకోదు.

'తప్పు' అనబోయి మానేసింది. పక్కనే చతికిలబడి, "మీ ఇంట్లో దీన్నేమంటారు తల్లీ?" అని అడిగింది.

మోకాళ్ళ మధ్యనుంచి సన్నగా గొంతొచ్చింది. "పురుగంటారు. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తుందని అమ్మమ్మ నా నోరు నొక్కేస్తుంది."

నవ్వులు సద్దుమణిగాయి. "మా నాయనమ్మా అంతే టీచర్" అంది వెనకనుంచి ఒక పిల్ల.

"చూశారా, పేరుని నమ్మి వేసింది. పేర్లు మనం పెట్టుకున్నవి, ఒళ్ళు దేవుడిచ్చింది. శాస్త్రజ్ఞులు చూసేది ఒంటినే." తుంటరి వైపు తిరిగింది. "నాయనా, ఇందాక నువ్వు వేసిన వానపాము ఏ పెట్టెలో ఉంది?"

"పాముల పెట్టెలో" అన్నాడు వాడు నీళ్ళు నములుతూ.

"దానికి వెన్నెముకేదిరా?"

ఆ మాట అన్నది టీచరమ్మ కాదు, కిటికీ పక్క పిల్ల. ఈసారి తుంటరి కూడా నవ్వేశాడు. పిల్ల లేచి, పాముని తీసి పాముల పెట్టెలో వేసి, వానపాముని బయటికి లాగింది.

ఇక ఆ పిల్ల నోరు ఆగలేదు. సాలెపురుగు పురుగేనా, మా గోడమీదదానికి ఎనిమిది కాళ్ళున్నాయే. గబ్బిలం పిట్టా, మరి ఈకలేవీ. గంట కొట్టినా, లెక్కల పాఠం మొదలైనా అదే ధోరణి.

"కాస్త నోటికి విశ్రాంతి ఇవ్వమ్మా" అంది టీచరమ్మ.

అనేసి, నవ్వు కనిపించకుండా బోర్డు వైపు తిరిగింది. రోజూ దణ్ణం పెట్టుకున్నది ఈ మాట అనే భాగ్యం కోసమే కదా.