అడవిరాజు వేసిన డేరా

మా అక్క మొగుణ్ణి దుకాణంలో అందరూ అడవిరాజు అంటారు. డేరాలు, టార్చిలైట్లు అమ్మే పెద్ద దుకాణంలో పై అంతస్తంతా ఆయనదే. ఎలుగుబంటి ఎదురైతే ఏం చెయ్యాలో, వాన రాకని ఎలా పసిగట్టాలో కస్టమర్లకి ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నాడు. మాటలు కోటలు దాటుతాయి గానీ కాలు గడప దాటదు. సెలవొస్తే సోఫా దిగడు. ఈ సంగతి అక్కకి తెలుసు, నాకు తెలుసు. మా మేనకోడలికే తెలియదు. వాళ్ల నాన్న తోడేళ్లని తరిమికొట్టాడని అది బడంతా చాటింది. దాని తప్పేముంది? పడుకునేముందు ఆ కథలు చెప్పింది ఈయనే!

చివరికి అదే పట్టుబట్టింది.

"నాన్నా, నేషనల్ పార్కుకి వెళదాం. నువ్వు అడవిలో డేరా వేస్తుంటే చూడాలి."

బావ తప్పించుకోవాలని చూశాడు. నడుం నొప్పన్నాడు, వానలన్నాడు. పిల్ల అనుమానంగా చూసేసరికి "సరే, పదండి" అన్నాడు.

వ్యాను నేను నడిపాను. పార్కు గేటు దాటింది మొదలు ఆయన నోటికి తాళం లేదు. చెట్ల పేర్లు చెప్పాడు. తెలియనివాటికి అక్కడికక్కడే పెట్టాడు. రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ జింకని చూసి, "అది మనల్ని గౌరవిస్తోంది" అన్నాడు. అది పెంటికలు వేసి పోయింది.

వాగు పక్కన ఆగాం. నిజం చెప్పొద్దూ, డేరా విప్పగానే ఆయన చేతులు చకచకా ఆడాయి. చిటికెలో నిలబెట్టాడు. పక్క డేరా ముసలావిడ కళ్లార్పకుండా చూసింది. పిల్ల చప్పట్లు కొట్టింది.

"బావా, నేలకి కొట్టే మేకులేవీ?" అన్నాను.

"మేకులా? దుకాణంలో ఎప్పుడూ కొట్టం కదా. సొరుగులో ఉంటాయి."

అప్పుడు అర్థమైంది నాకు. అక్కడ డేరాలు వేసేది నున్నటి పలకల నేల మీద. ఎవరి కాళ్లకైనా గుచ్చుకుంటాయని ముందుగా మేకులు తీసి సొరుగులో పడేస్తారు. చేతి అలవాటు కొద్దీ మా డేరాకీ అదే చేశాడు మహానుభావుడు! ఇన్నేళ్లలో ఆయన డేరాలకి తగిలింది సీలింగు ఫ్యాను గాలే.

"ఏం కదలదులే" అన్నాడో లేదో, లోయలోంచి గాలి లేచింది. డేరా పల్టీ కొట్టి, ముసలావిడ తల మీదుగా పోయి వాగులో పడింది. వెనకాలే పరిగెత్తిన బావ బురదలో బొక్కబోర్లా పడ్డాడు. నేను పగలబడి నవ్వాను. అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది.

మేనకోడలు నవ్వలేదు.

"నాన్నా, నువ్వు ఇంతకుముందు ఎప్పుడైనా అడవిలో పడుకున్నావా?"

అబద్ధం ఆయన పెదాల దాకా వచ్చింది. నేను చూశాను. మింగేశాడు.

"లేదమ్మా. ఒక్కసారి కూడా లేదు. తోడేళ్లూ లేవు, ఏమీ లేవు. నాకు అమ్మడమే తెలుసు."

ఆ గొంతు విని నా నవ్వు చచ్చిపోయింది. పాపమనిపించింది.

పిల్ల తిన్నగా ముసలావిడ దగ్గరికెళ్లి మేకులు అడిగి తెచ్చింది. ఒక రాయి తీసి నాన్న చేతిలో పెట్టింది. తడిసిన డేరాని ఇద్దరూ ఈడ్చుకొచ్చి మళ్లీ లేపారు. మొదటి మేకు వంకర పోయింది. రెండో దెబ్బ ఆయన బొటనవేలి మీద పడింది.

"మీ నాన్న ఏం చేస్తారు తల్లీ?" అంది ముసలావిడ.

బావ తలొంచుకున్నాడు.

"డేరాలు అమ్ముతాడు," అంది మేనకోడలు. "వెయ్యడం మేమిద్దరం ఇవాళే నేర్చుకుంటున్నాం."

బావ కళ్లు తుడుచుకున్నాడు. వేలు నొప్పి అన్నాడు. ఆ ఒక్క అబద్ధాన్నీ మేమెవరం కాదనలేదు.